చీకట్లో అడుగు వెయ్యని బాబు

భాషా సమస్య ఉన్న పిల్లల్లో బ్యాలెన్స్ గురించి నా రీసెర్చ్ ప్రపోజల్ మూడోసారి తిరగరాస్తున్నాను. ఇదంతా మొదలైంది ఓ ఆరేళ్ల బాబుతో. మాటలు సరిగా రావడం లేదని తీసుకొచ్చారు. వెళ్తూ వెళ్తూ వాళ్లమ్మ తలుపు దగ్గర ఆగి, "చీకట్లో అడుగు వెయ్యడు మేడమ్, పడిపోతాడు" అంది. మా ఫారంలో అది రాసుకునే గడే లేదు!

వినికిడికి కాక్లియా అనే నత్తగుల్ల ఆకారపు భాగం, బ్యాలెన్స్‌కి మూడు అర్ధవృత్తాకార నాళాలు, రెండు చిన్న సంచులు. అన్నీ లోపలి చెవిలోనే. మెదడుకి కబురు మోసేదీ ఎనిమిదో కపాల నాడే. అయినా చెవి పరీక్ష అంటే వినికిడి దగ్గరే ఆగిపోతాం. భాషా సమస్య ఉన్న పిల్లల్లో చాలామందికి కదలికల్లోనూ ఇబ్బంది ఉంటుందని తెలిసిందే. అందులో చెవి వాటా ఎంత? కళ్లు మూయించి మెత్తటి ఫోమ్ మీద నిలబెడితే చూపు ఉండదు, పాదాలకి నేల సరిగా తెలియదు, భారం లోపలి చెవి మీద పడుతుంది. అక్కడి నుంచి మొదలుపెడదామని నా ప్లాన్.

అసలు చిక్కు మాటలతోనే. బీపీ పడిపోయినా, గది గిర్రున తిరిగినా పెద్దవాళ్లే "కళ్లు తిరుగుతున్నాయి" అనేస్తారు. మాటలే కూడదీసుకోలేని పిల్లాడు ఏం చెప్తాడు? గైడ్ గారికి ఈ ప్రశ్న నచ్చింది. శాంపిల్ సైజ్ మాత్రం నచ్చలేదు. సోమవారం మళ్లీ కలవాలి, కాస్త టెన్షన్‌గానే ఉంది.