చెకుముకితో నెగడు: అసలు పని మాడిన గుడ్డది

చెకుముకి రాయి కావాలని ఆన్‌లైన్లో వెతికితే ముందు కనిపించే నల్ల కడ్డీ రాయి కాదు, ఫెర్రోసీరియం అనే మిశ్రలోహం. 1903లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ కనిపెట్టాడు, సిగరెట్ లైటర్లో ఉండేదీ ఇదే. దాని రవ్వలకి వట్టి దూది కూడా భగ్గుమంటుంది. మంచి వస్తువే. కానీ నాకు ప్రాణం మాత్రం పాత పద్ధతి మీదే, చుట్టలు కాల్చే పెద్దవాళ్లు అగ్గిపెట్టె బదులు రాయీ, ఇనుప ముక్కా, దూదీ దగ్గర పెట్టుకు తిరిగిన పద్ధతి.

ఇక్కడ కాలేది రాయి కాదు, ఉక్కు. రాయి అంచు ఉక్కు కంటే గట్టిది కాబట్టి దాని మీంచి సన్నటి పొట్టు లేస్తుంది, ఆ పొట్టే వేడెక్కి గాలిలో మండుతుంది. అందుకే చెకుముకే ఉండాలని లేదు, చేల గట్ల మీద దొరికే పలుగురాయిని పగలగొట్టి పదునైన అంచు తీసుకున్నా చాలు. పగలగొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, పెచ్చులు ఎగురుతాయి. ఉక్కు మాత్రం కార్బన్ ఎక్కువున్నదే కావాలి, అరిగిపోయిన పాత ఆకురాయి (ఇనుము అరగదీసే ఉక్కు ఫైలు) బ్రహ్మాండంగా పనిచేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలుతో టైమ్ వేస్టు.

రవ్వలు రాలడం తేలికే, వాటిని పట్టుకోవడమే కష్టం. ఉక్కు రవ్వలో అంత వేడి ఉండదు, అందుకని ముందే మాడ్చి ఉంచుకున్న గుడ్డ కావాలి. పాత పంచె ముక్కలు, అచ్చమైన నూలువి (పాలిస్టర్ కలిస్తే కరిగి ముద్దవుతుంది), మూతున్న రేకు డబ్బాలో వేసి, మూతకి మేకుతో చిన్న చిల్లు పెట్టి, ఆరుబయట నిప్పుల మీద ఉంచండి. చిల్లులోంచి పొగ రావడం ఆగాక దించి, పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి. తొందరపడి తీశారో, గాలి తగిలి అంతా బూడిదే. గుడ్డ నల్లగా ఉండాలి, కానీ పొడైపోకూడదు.

ఆ ముక్కని రాయి అంచు దగ్గర బొటనవేలితో నొక్కిపట్టి, ఉక్కుతో పైనుంచి కిందికి రాసుకుపోయేలా కొట్టండి. ఎర్రటి చుక్క పడి మెల్లగా పాకుతుంది. నలిపి మెత్తబరిచిన కొబ్బరి పీచులో దాన్ని పెట్టి, మూసి, నిదానంగా ఊదుతూ ఉంటే పొగ చిక్కబడి మంట లేస్తుంది. చితుకులు, తర్వాత పుల్లలు, ఆ తర్వాతే కట్టెలు.

ఇదంతా మీ పొలంలోనో, నెగడు వేసుకోనిచ్చే క్యాంపులోనో చేయండి. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేయడం నేరం, ఎండాకాలం నల్లమల గడ్డికి ఒక్క రవ్వ చాలు. వెళ్లేముందు నీళ్లు పోసి, కలిపి, బూడిద మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే మళ్లీ పోయండి.