అమ్మ మతిమరుపులో దాగిన దిగులు

డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు అని తేలిన రెండో ఏడు, అమ్మ సంగటి ముద్ద చుట్టూ వేలితో గీత గీస్తూ కూర్చునేది, నోట్లో పెట్టేది కాదు. "నాకెందుకు నాయనా బువ్వ" అనేది. జబ్బు ముదిరిందనుకున్నాం. గుండెదడకు ఒక ఆసుపత్రి, కడుపుమంటకు ఇంకొకటి, నిద్రకు మరొకటి. చీటీలు పెరిగాయే గానీ అన్నీ కలిపి ఎవరూ చూడలేదు, మేమూ చూపించలేదు.

తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి పోయినప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుపోయాం. అసలు మేలు అక్కడే జరిగింది. నిద్రకని రాసిన అమిట్రిప్టిలిన్, జలుబు మాత్రలోని క్లోర్‌ఫెనిరమైన్, రెండూ మతిమరుపును పెంచేవే. మతిమరుపుకు వాడే డోనెపెజిల్ మెదడులో జ్ఞాపకానికి కావలసిన అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని నిలబెడితే, ఇవి దాని పనిని అడ్డుకుంటాయి. ముందు వాటిని మాన్పించారు.

మార్పు ఎంత వేగంగా వచ్చిందో గమనించండి. మతిమరుపు ఏళ్ల మీద పెరుగుతుంది, దిగులు (డిప్రెషన్) వారాల్లో కమ్ముకుంటుంది. గంటల్లో, ఒకట్రెండు రోజుల్లో మనిషి తికమకపడితే మాత్రం మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో, కొత్త మందో కారణం కావచ్చు. అప్పుడు ఓపీ క్యూలో నిలబడకండి, నేరుగా ఎమర్జెన్సీకి పోండి.

అమ్మకు బి12, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, సోడియం, షుగర్ చూశారు. డోనెపెజిల్ నాడిని నెమ్మదింపజేస్తుంది కాబట్టి ఈసీజీ కూడా తీశారు. తర్వాత అమ్మది దిగులు కూడానని ఎసిటలోప్రామ్ అనే దిగులు మందు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచారు. పెద్ద వయసులో సాధారణంగా అంతకు మించి పోరు. మొదట కొద్దిగా వికారం ఉంటుంది, గుణం కనబడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. చాలా ఇళ్లలో మూడో వారానికే "పనిచేయలేదు" అని ఆపేస్తారు, అది తప్పు. ఇంకో ప్రమాదం సోడియం. ఈ మందుతో పెద్దవాళ్లలో అది తగ్గొచ్చు, నీళ్లు పోయించే బీపీ మాత్ర కూడా ఉంటే మరీ. అందుకే రెండు వారాలకు రక్తపరీక్ష మళ్లీ చేయించాం. డిమెన్షియా ఉన్నవాళ్లలో దిగులు మందు అందరికీ పనిచేస్తుందనీ లేదు. పొద్దున ఎండలో నడక, ఒకే వేళకు భోజనం, పక్కన మనిషి, ఇవీ వైద్యమే.

ఇప్పుడు ఒకే నోటుబుక్ ఉంది. మొదటి పేజీలో మందు పేరు, మోతాదు, మొదలైన తేదీ. రెండో పేజీలో మామూలుగా అమ్మ ఎలా ఉంటుంది, ఏ చెవి వినబడదు, ఏ పేరుతో పిలిస్తే పలుకుతుంది. ఏ డాక్టరు దగ్గరికైనా అదే పోతుంది. రాత్రుళ్లు ఏం చేయాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

మరుపు పోలేదు. నన్ను ఇప్పటికీ మామ పేరుతో పిలుస్తుంది. కానీ ఆరో వారంలో ఒక మధ్యాహ్నం సంగటి తుంచి, "ఊరిబిండి యాడ పెట్టినావు?" అని అడిగింది.