ఇసుకలో మా బావ

మారథాన్ దె సాబ్ల్ అనే పేరు మా గుంపులోకి తెచ్చింది మా బావ. పోర్టులో ఉద్యోగం, యాభైకి దగ్గర పడుతున్న వయసు, రోజూ తెల్లారకముందే ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి చెమటలు కక్కేదాకా పరుగు. ఆ పేరు గల పోటీ మొరాకోలో, సహారా ఎడారిలో, వారం రోజుల పాటు దాదాపు 250 కిలోమీటర్ల పరుగు. తిండి, పడక, మందులు అన్నీ మన వీపు మీదే. వాళ్లిచ్చేది నీళ్లు, రాత్రికి తలదాచుకోను గుడారం. పాట్రిక్ బవేర్ అనే ఫ్రెంచాయన 1984లో ఒక్కడే సహారాలో 350 కిలోమీటర్లు నడిచి, ఆ పిచ్చి నలుగురికీ అంటించాలని 1986లో ఈ పోటీ పెట్టాడట. ఇదంతా టీ తాగుతూ చెప్పి, చివర్న "కలిసి వెళ్దాం, కలిసి పరిగెడదాం, కలిసి వద్దాం" అన్నాడు. మొదటిదీ చివరిదీ అనుకున్నట్టే జరిగాయి. మధ్యదాని గురించే ఈ రాతంతా.

మేం నలుగురం. బావ, నేను, స్టీల్‌ప్లాంటులో షిఫ్టులు చేసే గాజువాక అన్న, మధురవాడలో ఉండే డాక్టరమ్మ. ఇది కరోనాకు ముందు మాట.

వైజాగు వాళ్లకి ఎండ కొత్తేమీ కాదు గానీ మనది తడి ఎండ. పది నిమిషాలు పరిగెడితే బనీను పిండుకోవాలి. ఎడారిలో చెమట పట్టిన సంగతే తెలీదు, పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది. సాయంత్రం చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు చూసుకుంటే గానీ ఒంట్లోంచి ఎంత పోయిందో అర్థం కాదు. ఒళ్లు వేడికి అలవాటు పడాలంటే పది పద్నాలుగు రోజులు కావాలని, అప్పటికి రక్తంలో ద్రవం పెరిగి, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది. అందుకని మార్చి నెలంతా వీలు దొరికినప్పుడల్లా మిట్టమధ్యాహ్నం సాగర్‌నగర్ నుంచి రుషికొండ మీదుగా మంగమారిపేట దాకా, అలలు తడపని పొడి ఇసుకలో, బ్యాగులో బియ్యం పొట్లాలు పెట్టుకుని నడిచాం. వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి "ఏటి బాబూ, బస్సు తప్పిపోనాదేటి?" అనడిగాడు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలుండగా బీచెందుకని చాలామంది అన్నారు. వేల ఏళ్లలో గాలీ నీరూ కలిసి పేర్చిన దిబ్బలవి. జియోలాజికల్ సర్వే వాళ్లు 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించారు. బూట్లేసుకుని ఎక్కి దిగితే మట్టి జారుతుంది, జారింది మళ్లీ పైకి పోదు. ఫొటోలకని ఎక్కి తొక్కేవాళ్లు చాలరూ, మళ్లీ మేము కూడానా!

అంతకు ముందు ఏడాది ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ కూడా బ్యాగులతోనే చేశాం. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. అడుగడుక్కీ మజ్జిగ, పులిహోర పెడతారు కాబట్టి ఎడారికి ఇది సాధనే కాదని డాక్టరమ్మ వాదన. నిజమే, అయినా పులిహోర వద్దనలేకపోయాం. అక్కడ నేను గమనించింది గాజువాక అన్నని. ఆయనకి పరుగు పడదు. చిన్నప్పట్నుంచీ ఈ ప్రదక్షిణ ఉత్త కాళ్లతో చేసిన మనిషి. మేం పరిగెత్తి, ఆగి, నీళ్లు తాగి, మళ్లీ పరిగెత్తి హనుమంతవాక చేరేసరికి ఆయన అప్పటికే వెళ్లిపోయి ఉన్నాడు.

తిండి దగ్గర లెక్కలు మొదలయ్యాయి. రోజుకి కనీసం 2,000 కేలరీలు, మొత్తం 14,000 మన దగ్గరుండాలి. బ్యాగు నీళ్లు కాకుండా 6.5 కిలోలకి తగ్గకూడదు, 15 దాటకూడదు. దిక్సూచి, ఈల, అద్దం, చాకు, విషం లాగే పంపు, 200 యూరోలు అప్పట్లో తప్పనిసరి. ఆ యూరోలు ఇసుకలో ఎవరికివ్వాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. వేడినీళ్లు పోస్తే భోజనమయ్యే ఎండు పొట్లాలు అందరిలాగే మేమూ కొన్నాం. వాటి పక్కన అటుకులు, బెల్లం కలిపిన పేలపిండి, ఉప్పద్దిన చింతపండు ఉండలు, మాడుగుల హల్వా. హల్వా ఆలోచన నాదే, దానికి నేనిప్పటికీ గర్వపడతాను. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పు. అంత చిన్న ముక్కలో అంత బలం ఉన్న పదార్థం ఏ స్పోర్ట్స్ షాపులోనూ దొరకదు. సున్నుండలు మాత్రం ఎండకి నెయ్యి వదిలి పొట్లంలోనే ముద్దయిపోయాయి, చెంచాతో తిన్నాం. గ్రాములు తగ్గించాలని టూత్‌బ్రష్షు పిడి కోసేసి, చొక్కా లేబుళ్లు కత్తిరించిన మా బావ, మందుల సీసాలో ఆవకాయ దాచుకున్నాడని తర్వాత తెలిసింది.

బూట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇసుక బూటులోకి దూరితే పని అయిపోయినట్టే. గరుకు కాగితంతో రుద్దినట్టు రుద్ది బొబ్బలెక్కిస్తుంది. అందుకని పాదం నుంచి పిక్క దాకా పారాచూట్ గుడ్డతో చేసిన తొడుగులు, గెయిటర్లు, వేసుకుంటారు. అవి బూటుకి అతుక్కోవాలంటే అడుగు అట్టకి కాస్త పైన చుట్టూ వెల్‌క్రో పట్టీ ఉండాలి. గమ్ముతో అంటిస్తే ఎండకి ఊడొస్తుంది, కుట్టించాల్సిందే. పూర్ణామార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే తాత కొత్త బూట్లని అటూ ఇటూ తిప్పి "ఇంత కరీదెట్టి కొని కుట్లేటి బాబూ?" అన్నాడు. చెప్పాక ఆసక్తి పుట్టింది. ఆరెతో ఒక్కో కన్నం పైగుడ్డలోంచే పొడిచి, లోపల వేలు పెట్టి ముడి తగలకుండా చూసుకుంటూ, మైనం పట్టించిన దారంతో రెండు వరసలు వేశాడు. ముందు భాగంలో పట్టీ మడత పడుతోందని విప్పి మళ్లీ కుట్టాడు. నాలుగు జతలకీ పూట పట్టింది. వేలకి వేలు పోసి కొన్న సామాన్లలో కొన్ని మొదటి రోజే చేతులెత్తేశాయి గానీ ఆ కుట్టు ఒక్క పోగు కూడా కదల్లేదు.

ప్రయాణం గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు. విమానాలు, నిరీక్షణ, కాసాబ్లాంకా, తర్వాత వర్జాజాత్, అక్కణ్నుంచి రాళ్ల నేల మీద బస్సులో గంటలకొద్దీ. దిగిన చోట నల్లటి బెర్బర్ గుడారాలు గుండ్రంగా వేసి ఉన్నాయి. కర్రల మీద పరిచిన గోనెలాంటి గుడ్డ, కింద రాళ్ల మీదే ఒక చాప, రెండు వైపులా బార్లా. గుడారానికి ఎనిమిది మంది. మాతో ఉన్న మిగతా నలుగురూ ఇంగ్లండు వాళ్లు.

మొదటి రాత్రి వాళ్లలో ఒకాయన మౌరో ప్రోస్పెరి కథ చెప్పాడు. ఇటలీ నుంచి వచ్చిన ఒలింపిక్ ఆటగాడు. 1994లో ఇసుక తుపానులో దారి తప్పి, పాడుబడ్డ ఒక సాధువు సమాధి మందిరంలో గబ్బిలాల రక్తం తాగి ప్రాణం నిలుపుకుని, చివరికి సరిహద్దు దాటి అల్జీరియాలో తేలాడు. తొమ్మిది పది రోజులు. అంతయ్యాక కూడా ఇదే పోటీకి మళ్లీ వచ్చాడంటే ఏమనాలి! బావ నా వైపు తిరిగి "అందుకేరా కలిసి పరిగెడదామన్నది" అన్నాడు.

మర్నాడు రెండు గంటలు కూడా కలిసి లేం. గాజువాక అన్న చేతులు ఊపుకుంటూ ముందుకెళ్లిపోయాడు. డాక్టరమ్మది ఒకే తీరు, చదునుగా ఉంటే పరుగు, ఎత్తొస్తే నడక. బావ ప్రతి కిలోమీటరుకీ ఆగి "ఆగండర్రా" అంటాడు. సాయంత్రం గుడారంలో గొడవైంది. నెమ్మదిగా ఉన్నవాడి కోసం ఆగితే మిగతావాళ్లు ఎండలో అదనంగా గంటలు గడపాలి, ఉన్న నీళ్లు ఆ గంటలకి కూడా సరిపెట్టుకోవాలి. వేగంగా ఉన్నవాడి వెంట పడితే వెనకవాడు మధ్యాహ్నానికే కుప్పకూలుతాడు. తనది కాని నడక నడిస్తే ముందు దెబ్బతినేవి కాళ్లే. నా ఉద్దేశంలో ఇక్కడికి స్నేహితులతో రావడం మంచిదే, పక్కపక్కన పరిగెత్తడం మాత్రం శుద్ధ దండగ. ఈ మాట అన్నందుకు బావ అటు తిరిగి కూర్చుని ఒక్కడే హల్వా తిన్నాడు. అన్న మధ్యలో దూరి తీర్పు చెప్పాడు: "పగలు ఎవడి కాళ్లు ఆడివి. రాత్రి నడిచే రోజున మాత్రం ఎవడికి ఎవడు దొరికితే ఆడితో ఉండాల."

తర్వాతి రోజుల్లో మెర్జూగా దగ్గరి ఇసుక కొండలు, ఎర్గ్ చెబ్బి. దూరం నుంచి నారింజ రంగులో చూడముచ్చటగా ఉంటాయి, కొన్ని 150 మీటర్ల ఎత్తు. ఎక్కేటప్పుడు రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారుతుంది. గాలి కొట్టే వైపు ఇసుక గట్టిపడి ఉంటుంది, అటు వెనక వైపు వదులు. అది కనిపెట్టి అన్న శిఖరాల అంచుల వెంబడి చుట్టూ తిరిగి నడిచాడు, తిన్నగా పోయిన కుర్రాళ్లని దాటేశాడు. అంతకంటే కష్టం ఎండిపోయిన చెరువుల నేల. పగుళ్లిచ్చిన మట్టి, గాలి లేదు, నీడ లేదు, ఎదురుగా కొండ ఎంత నడిచినా అక్కడే. అందరి కంటే వెనక రెండు ఒంటెలు వస్తుంటాయి. అవి మనల్ని దాటితే మన పని అయిపోయినట్టే. బావకి వాటి మెడలు కనిపించేవట, మాకెవరికీ చెప్పలేదు.

సాయంత్రాలు కాళ్ల చుట్టూ తిరిగేవి. వైద్యుల గుడారం ముందు వరస. బొబ్బ పైచర్మం కత్తిరించి, ఎర్రటి ఇయోసిన్ మందు పూసి పంపుతారు. శిబిరంలో ఎవర్ని చూసినా పారాణి పెట్టుకున్న పెళ్లికొడుకులే. ఉప్పు బిళ్లలు వేసుకోకుండా ఉత్త నీళ్లే తెగ తాగితే రక్తంలో సోడియం పలచబడి అసలుకే ముప్పని డాక్టరమ్మ మా వెంట పడి లెక్క చూసేది. చీకటి పడ్డాక ఇంటి నుంచి వచ్చిన మెసేజీలు కాగితాల మీద అచ్చువేసి గుడారానికి తెచ్చిచ్చేవారు. మా అమ్మ రాయించినది: "ఎండలో ఎక్కువ తిరక్కు." నలుగురం పొట్టలు పట్టుకుని నవ్వాం. బావ సంతోషం పట్టలేక ఆవకాయ సీసా బయటికి తీశాడు. ఇంగ్లండాయన వేలితో నాకి చాలాసేపు మాట్లాడలేదు.

పొడుగు రోజు 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది, మర్నాటి దాకా టైమిస్తారు. అప్పటిదాకా ముందున్న 50 మందిని కావాలని మూడు గంటలు ఆలస్యంగా వదులుతారు, వాళ్లు మనల్ని దాటుకుంటూ పోతారు. అక్కడి వాళ్లకి ఈ ఇసుక పుట్టిల్లు. లహ్సెన్ అహన్సాల్ అనే మొరాకో ఆయన ఈ పోటీ 10 సార్లు గెలిచాడు. మమ్మల్ని దాటినవాళ్ల అడుగుల కింద ఇసుక కదిలినట్టే లేదు.

చీకటి పడ్డాక ఒక చెక్‌పాయింటులో కూర్చుని వాంతులు చేసుకుంటున్న బావ దొరికాడు. నాకంటే ముందే వచ్చాడు, అది నాకు ఆశ్చర్యం. సెలైన్ ఎక్కించుకుంటే టైము పెనాల్టీ పడుతుందని వద్దంటున్నాడు. "నువ్వెళ్లిపోరా, పగలు చెప్పావుగా" అన్నాడు. రాత్రి లెక్క వేరు కదా బావా అన్నాను. చింతపండు ఉండ ఒకటి నోట్లో పెట్టించి, గుక్క గుక్కగా నీళ్లు తాగించి, గంట పడుకోబెట్టాను. తర్వాత లేచి నడిచాం. ముందు నడిచేవాళ్ల బ్యాగులకి వేలాడే, చీకట్లో వెలిగే మెరుపు పుల్లలు వరసగా కదులుతున్నాయి. చాలా దూరాన లేజరు వెలుగు ఆకాశంలోకి నిలబడి ఉంది, గుర్తు కోసం. అది మాత్రం గంటలు నడిచినా దగ్గర పడదు. చలి వేళ్లు కొరికేస్తోంది. బావ నడుస్తూనే నిద్రపోయి రెండుసార్లు దారి పక్కకి వెళ్లిపోయాడు, బ్యాగు పట్టీ పట్టుకుని లాగాను. మెలకువగా ఉండడానికి పోర్టు క్యాంటీను దోసె మీద వాదించుకున్నాం. తెల్లవారాక చేరాం. గాజువాక అన్న అప్పటికే ముఖం కడుక్కుని, మా ఇద్దరి వాటా నీళ్లు తెచ్చిపెట్టి, గురక పెడుతున్నాడు. డాక్టరమ్మ కళ్లు తెరవకుండానే "ఉప్పు బిళ్లలు వేసుకున్నారా?" అంది.

మిగతావి ఎలా అయ్యాయో కాళ్లకే తెలియాలి. నలుగురం పూర్తి చేశాం, నాలుగు వేర్వేరు వేళల్లో. పతకాలు వేసుకుని వర్జాజాత్ బస్సెక్కాక ఫోన్లకి సిగ్నల్ వచ్చింది. బావ మా అక్కకి ఫోన్ చేశాడు. బస్సంతా వినపడేలా, నన్ను చీకట్లో ఎలా వెతికి పట్టుకున్నాడో, రాత్రంతా బ్యాగు పట్టుకుని ఎలా నడిపించుకొచ్చాడో చెప్పుకుపోతున్నాడు. నేను చూస్తున్నానని తెలిసి కూడా ఆగలేదు. ఫోను నా చేతికిచ్చాడు.

"మీ బావే లేకపోతే ఏమైపోయేవాడివిరా?" అంది అక్క.

"అవునక్కా" అన్నాను. బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.