మారేడ్‌పల్లిలో చింతపిక్కల పోకర్

రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాకు నిద్ర పట్టదు. పై బెర్తు వాడి గురక ఒకవైపు, కాళ్ళ దగ్గర పెట్టుకున్న పూతరేకుల డబ్బాలు నలిగిపోతాయేమోనన్న బెంగ ఒకవైపు. శనివారం తెల్లారేసరికి సికింద్రాబాదులో దిగాను. సన్నగా ముసురు. మా చెల్లెలు ఏడేళ్ళుగా పిలుస్తోంది, లష్కర్ బోనాలకు రమ్మని. ఈసారి కుదిరింది.

చెల్లెలి ఇల్లు వెస్ట్ మారేడ్‌పల్లిలో. ఇంట్లో మరిది గారు (వకీలు), ఇంజనీరింగ్ చదివే వాళ్ళబ్బాయి, మరిది గారి అమ్మగారు ఉంటారు. ఆవిడ కరీంనగర్ మనిషి, డెబ్భై దాటాయి. నేను అత్తయ్యగారూ అంటాను, ఆవిడ నన్ను బిడ్డా అంటుంది. ఈ ప్రయాణంలో నేను నేర్చుకున్నదంతా ఆవిడ దగ్గరే. అది కూడా ఓడిపోయి నేర్చుకున్నాను.

మధ్యాహ్నం ముసురు తగ్గింది. పరేడ్ గ్రౌండ్ దగ్గర మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో దిగి, ఆటోలో చార్మినార్ వెళ్ళాం. 1591 నాటి కట్టడం చుట్టూ ఎప్పటిలాగే ఇసకేస్తే రాలని జనం. లాడ్ బజార్‌లో ఒక కొట్టు ముందు కుర్రాడు బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరుస్తున్నాడు. దాన్ని కడ్డీలా సాగదీసి, గుండ్రంగా తిప్పి, వేడి ఆరకముందే ఒక్కో రాయీ చిమటాతో అద్దుతున్నాడు. ఒక్క గాజుకు ఎన్ని రాళ్ళో! నేను ఆకుపచ్చ జత చూసి కళ్ళు విప్పార్చాను. అత్తయ్యగారు నా మోచెయ్యి గిల్లి, ఆ గాజుల వంక కూడా చూడకుండా పక్కనున్న పిచ్చి గాజుల ధర అడిగింది. పావుగంట తర్వాత నా ఆకుపచ్చ జత సగం ధరకు నా చేతికి వచ్చింది. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

రాత్రి అన్నాలయ్యాక చెల్లెలి కొడుకు పేక తీశాడు. రమ్మీ అనుకుని సంబరపడ్డాను, వేసవి సెలవుల్లో మా అమ్మమ్మ అరుగు మీద నేర్పిన ఆట. కాదట, పోకర్, అందులో టెక్సాస్ హోల్డెమ్. తలా రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు. వాటిలో మొదట మూడు ఒకేసారి తెరుస్తారు, దాన్ని ఫ్లాప్ అంటారు. తర్వాత టర్న్ ఒకటి, రివర్ ఒకటి. ప్రతి విడతకూ పందెం.

“రూపాయి కనపడిందంటే నేను లేస్తాను,” అన్నారు మరిది గారు. వకీలు కదా, పనిలో పనిగా ఉపన్యాసం కూడా ఇచ్చారు. రమ్మీ అదృష్టపు ఆట కాదు, నేర్పుతో కూడిన ఆట అని సుప్రీం కోర్టు 1967లో చెప్పిన కేసు పుట్టింది ఈ సికింద్రాబాదులోనేనట. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేస్తే అక్కడిదాకా వెళ్ళింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి నేర్పు అన్నారు. మూడు ముక్కలాటను మాత్రం అదృష్టం ఖాతాలోనే వేశారు. 2017లో తెలంగాణ చట్టం సవరించి రమ్మీకున్న ఆ మినహాయింపును కూడా ఎత్తేసింది. అంచేత మాకు చింతపిక్కలు. వీళ్ళ భాషలో చింతగింజలు. తలా వంద.

అరగంటలో నాకు రెండు ఆసులు వచ్చాయి. రమ్మీలో మంచి చెయ్యి వస్తే గుట్టుగా ఉండటమే అమ్మమ్మ నేర్పింది. కిక్కురుమనకుండా రెండు పిక్కలు వేశాను. నేనేదో నీరసంగా ఉన్నానని మిగతా నలుగురూ తలా రెండు వేసి లోపలికి వచ్చేశారు. ఫ్లాప్‌లో రాజు, తొమ్మిది, నాలుగు. అప్పుడు మొదలుపెట్టాను పందేలు. చివర్లో చెల్లెలు తొమ్మిది, నాలుగు చూపించి రెండు జతలంది. నా ఒక్క జత ఓడిపోయింది. “ఆ చెత్త ముక్కలతో ఎలా వచ్చావే?” అన్నాను. “రెండు పిక్కలేగా అక్కా!”

అబ్బాయి నవ్వి లెక్క చెప్పాడు. చేతిలో రెండు ఆసులుంటే ఎదుట ఒక్కరే ఉన్నప్పుడు నూటికి 85 సార్లు మనదే ఆట. నలుగుర్ని రానిస్తే దాదాపు 56కు పడిపోతుంది. “ముందే పెంచి ముగ్గుర్ని బయటికి పంపాల్సింది పెద్దమ్మా. నువ్వే బొట్టుపెట్టి పిలిచావు.”

ఇంకో గంటకు మళ్ళీ అదే బుద్ధి. నా చేతిలో ఏడు జత. ఫ్లాప్‌లో ఆఠీను ఏడు, ఆఠీను రాణి, కళావరు మూడు. మూడు ఏడులు పడ్డాయని లోపల పొంగిపోయి, పైకి మాత్రం చెక్ (అంటే పందెం పెట్టకుండా ఊరుకోవడం) అన్నాను. అందరూ చెక్. టర్న్‌లో ఇంకో ఆఠీను పడింది. అబ్బాయి చేతిలో రెండు ముక్కలూ ఆఠీనులే. ఐదు ఆఠీనులతో ఫ్లష్, అంటే ఐదూ ఒకే రంగు, నా మూడు ఏడుల కన్నా పెద్ద చెయ్యి! ఫ్లాప్ దగ్గర వాడికి కనపడని ముక్కలు 47, అందులో ఆఠీనులు 9. అంటే ఐదింట ఒక్కసారికి కాస్త తక్కువ. రివర్ దాకా చూస్తే మూడింట ఒకసారి దాటుతుంది. ఆ అవకాశాన్ని వాడు పైసా పెట్టకుండా, కాదు, పిక్క పెట్టకుండా చూసేశాడు. నేనే చూపించాను. నాకు మిగిలినవి పదకొండు పిక్కలు.

“అయితే ఈ నక్కి ఆడటమనేది ఎప్పుడూ పనికిరాదా?” అని ఉక్రోషంగా అడిగాను. వాడు ఫోన్‌లో 1988 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ఆఖరి ఆట చూపించాడు. జానీ చాన్, ఎరిక్ సీడెల్. ఫ్లాప్‌లోనే చాన్‌కు వరస పడిపోయింది, ఎనిమిది నుంచి రాణి దాకా. అంతకు మించిన చెయ్యి అక్కడ ఉండదు. టర్న్‌లో అతను చెక్ అని ఊరుకున్నాడు. రివర్‌లో సీడెల్ రాణి జత పట్టుకుని ఉన్నదంతా పెట్టేశాడు. అక్కడితో ఆట ఖతం.

నేను చాన్ మొహం చూస్తున్నాను. అత్తయ్యగారు కళ్ళద్దాలు సర్దుకుని ఇంకొకటి చూసింది. “గా పిలగాడు పెడ్తడని ఈయనకు ఎరుకే బిడ్డా. పెట్టేటోడు ఎదురుంగ ఉంటేనే ఊకుండాలె. నీ చెల్లె పెట్టదు. నువ్వు పెడితే మాత్రం కండ్లు మూస్కోని వస్తది. ఆమె ముంగట ఊకుంటే నీకేమొస్తది?”

“మరి మధ్యాహ్నం గాజుల కొట్టులో మీరు చేసింది ఇదేగా?”

“అదెట్లయితది? ఆడ నా ఆశ దాసిన. ఈడ నీ బలం దాస్తున్నవ్. గా కొట్టాయన తగ్గాలె, ఈడ అందరు పెరగాలె.”

నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆదివారం ఉజ్జయినీ మహంకాళి గుడి దగ్గర వరస ఎంత పొడుగుందో చెప్పలేను. తల మీద బోనం, దాని మీద దీపం, పైనుంచి చినుకులు. దీపం ఆరకుండా చెల్లెలు ఒక చేత్తో బోనం, ఒక చేత్తో చీరకొంగు పట్టుకుంది. డప్పులు, పోతరాజులు, వేపాకు వాసన. అత్తయ్యగారు వరస మొత్తం నిలబడే ఉంది, నాకు మాత్రం మోకాళ్ళు పట్టేశాయి.

ఆ రాత్రి మళ్ళీ కూర్చున్నాం. నాకు రెండు రాజులు. ఈసారి ముందే పెంచాను, అత్తయ్యగారు ఒక్కరే మిగిలారు. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, పది పిక్కలు. ఫ్లాప్: కళావరు రాజు, డైమన్ ఏడు, ఇస్పేటు రెండు. ఒక్క రంగు రెండుసార్లు లేదు, వరస కట్టే ముక్కలు లేవు. ఎదుట పందెం కాయకుండా ఉండలేని మనిషి. ఊరుకోవాల్సిన చోటు అంటూ ఉంటే ఇదే! చెక్ అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, చెక్ అంది. టర్న్‌లో కూడా అంతే. రివర్‌లో ఇక లాభం లేదని ఐదు పెట్టాను. ఆవిడ ముక్కలు పడేసింది. మూడు రాజులతో నాకు దక్కింది పది పిక్కలు!

అబ్బాయి పేపరు అంచున రాసి చూపించాడు. పాట్‌లో పది ఉంటే సగం, అంటే ఐదు పెట్టాలి. ఎదుటివాళ్ళు ఐదు కలిపితే 20. మళ్ళీ సగం పెడితే 40, మూడోసారి 80. ఒక్క విడత ఊరుకుంటే 40 దగ్గరే ఆగిపోతుంది. పోయేది ఒక్క పందెం కాదు, తర్వాతి పందేల సైజు కూడా. “ఫ్లాప్‌లో ఊరుకోవడం తప్పు కాదు పెద్దమ్మా. టర్న్‌లో కూడా ఊరుకున్నావు చూడు, అదే తప్పు.”

“కానీ అత్తయ్యగారు ఎప్పుడూ పెడతారుగా, ఇప్పుడెందుకు పెట్టలేదు?”

ఆవిడ నా ముంజేతి వంక చూపించింది. “రాజు పడంగనే గాజులు పైకి నూకినవ్. నిన్న ఏడులొచ్చినప్పుడు గూడ గంతే.” లక్క గాజులు గలగలమనవు కానీ, ట్యూబ్‌లైటు కింద ఆ రాళ్ళు ఎంత మెరుస్తాయో అప్పుడే చూశాను.

సోమవారం పొద్దున రంగం టీవీలో చూశాం. పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెబుతుంటే అత్తయ్యగారు దండం పెట్టుకుంది. నా బండి సాయంత్రం. భోజనాలయ్యాక “ఒక్క ఆట” అని కూర్చున్నాం. నేను గాజులు తీసి టీవీ పక్కన పెట్టాను. అత్తయ్యగారు చూసి ముసిముసిగా నవ్వింది.

ఐదు జత వచ్చింది. ఫ్లాప్‌లో డైమన్ ఐదు, ఆఠీను జాకీ, ఆఠీను తొమ్మిది. రెండు ఆఠీనులు, దగ్గరదగ్గర ముక్కలు, పైగా చెల్లెలు కూడా ఆటలోనే ఉంది. పాట్‌లో పన్నెండు. వెంటనే ఆరు పెట్టాను. చెల్లెలు ఆలోచించకుండా ఆరు వేసింది. అత్తయ్యగారు నా చేతులు చూసింది, మొహం చూసింది. “రెండు దినాలు దాసినోళ్ళు గింత జల్ది పెట్టరు,” అని ఇరవై అయిదుకు పెంచింది. నేను ఉన్నవన్నీ తోసేశాను. చెల్లెలు గొణుక్కుంటూ తప్పుకుంది. అత్తయ్యగారు ఒక్క క్షణం ఆగి, కాల్ అని ముక్కలు తిప్పింది. ఆసు, జాకీ. టర్న్ రెండు, రివర్ రాణి, రెండూ నల్లవే. నా మూడు ఐదులదే ఆట. పిక్కలు ఒడిలోకి లాక్కుంటుంటే రెండు మంచం కిందికి దొర్లిపోయాయి.

“ఆటో వచ్చింది!” అని మరిది గారు కేక వేస్తే హడావిడిగా లేచాను.

బండి కాజీపేట దాటాక టీ కప్పు అందుకోబోతూ చూసుకుంటే చేతులు బోసిగా ఉన్నాయి. ఫోన్ చేశాను. చెల్లెలు ఇంకా హలో అనకముందే వెనకనుంచి అత్తయ్యగారి గొంతు:

“గాజుల కోసమేనా? వచ్చే బోనాలకొచ్చి గెల్చుకపొమ్మను.”