మంచు గోడల పక్కన మన ఫియట్

ఫెర్లైటన్ టోల్ గేటు దగ్గర మా బావ కార్డు గీకుతూ రూపాయల్లో లెక్క చెప్పాడు. ప్రాణం ఉసూరుమంది. ఆస్ట్రియా ఆల్ప్స్ కొండల మీదుగా పోయే ఈ గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డు మొత్తం 48 కిలోమీటర్లు, దానికి ఒక్కరోజు టోలు 40 యూరోల పైమాటే. "ఇంతోసి రోడ్డుకి ఇంతా?" అని నేను సణుగుతుండగానే పక్క లైన్లోకి టకటకమంటూ ఒక నల్లటి పుఖ్ 250 మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. ఆస్ట్రియాలోనే గ్రాజ్ ఊళ్లో తయారైన బండి. టూ స్ట్రోకే కానీ, ఒకే దహన గది కింద రెండు పిస్టన్లు ఆడతాయి. పాత బళ్ల ఫొటోలు తీయడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది, ఆ ఇంజను చప్పుడు చెవులారా వినడం అదే మొదటిసారి. టోలు సంగతి అక్కడితో మర్చిపోయాను.

మ్యూనిక్‌లో రెండు రోజులు, సాల్జ్‌బర్గ్‌లో ఒక రోజు తిరిగాం. ఆ ఊళ్ల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వెళ్లిందే ఈ రోడ్డు కోసం.

ఫ్రాంజ్ వాలక్ అనే ఇంజనీరు గీసిన దారి ఇది. 1930లో పని మొదలై, 1935 ఆగస్టు 3న బళ్లకి తెరిచారు. 36 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపు దగ్గరా దాని నంబరు, ఎత్తు రాసిన బోర్డు. చలికాలమంతా మూసే ఉంటుంది. మేం వెళ్లింది జూన్‌లో, ఆదివారం. పైన ఇంకా రోడ్డు పక్కన మనిషెత్తు మంచు గోడలున్నాయి. మంచి ఎండ కాసిన ఆదివారాల్లో చుట్టుపక్కల దేశాలవాళ్లు షెడ్లలోంచి పాత బళ్లు బయటికి తీస్తారని బావ ముందే చెప్పాడు.

ఒక మలుపు బయటివైపు సురక్షితంగా నిలబడే చోటు దొరికితే రెండు గంటలు అక్కణ్ణించి కదల్లేదు. మామూలు కార్లయితే కెమెరా బండితోపాటు తిప్పుతూ 1/60 సెకను షట్టర్ వేగంతో తీస్తాను. ఎత్తెక్కుతున్న పాత బళ్లు నడిచినట్టే వస్తాయి, 1/25 దాకా దిగితే తప్ప వెనకాల కొండ గీతలుగా సాగదు. మంచుని చూసి కెమెరా మోసపోతుంది, తెల్లటి గోడని బూడిదరంగు చేసేస్తుంది. ఒక స్టాప్ కన్నా ఎక్కువే, అంటే రెట్టింపు పైన వెలుగు ఇవ్వాల్సిందే. మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ పెడితే అద్దాల మీద మెరుపు పోయింది కానీ క్రోమ్ బంపర్ల మీద పోలేదు, లోహం మీద మెరుపుకి అది పనిచేయదు. నూట ఎనభై ఫొటోలు తీశాను. అండాకారపు వెనక అద్దమున్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఒకటి, రెండువైపులా సిలిండర్లు చాచుకున్న బీఎండబ్ల్యూ మోటార్‌సైకిళ్లు నాలుగు బాగా వచ్చాయి. అన్నీ చక్కగానే ఉన్నాయి. అలాంటివి ఎన్నో చూశాం కదా అనిపించింది కూడా.

2,504 మీటర్ల ఎత్తున ఉన్న హోఖ్‌టోర్ సొరంగం దాటి అవతలివైపు దిగుతుంటే కనిపించింది. లేతాకుపచ్చ రంగు ఫియట్ 1100 డి, బానెట్ తెరిచి ఉంది.

"బావా, ఆపు. మన ఫియట్!"

ఇటలీ నంబరు ప్లేటు. డెబ్బై దాటిన దంపతులు. ఆయన ఇంజను మీదికి వంగి ఉన్నాడు. ఆవిడ మంచు గోడ దగ్గర తన స్కార్ఫ్‌లోకి రెండు చేతులా మంచు తోడుతోంది. తెచ్చి మూటలా ఆయనకి అందించింది. ఆయన దాన్ని ఇంజనుకి పెట్రోలు అందించే చిన్న పంపు చుట్టూ అదిమి పట్టుకున్నాడు. మంచు కరిగి, ఇంజను మీద పడ్డచోటల్లా చుయ్‌మని ఆవిరి లేచింది.

నాకు దోర్నాల ఘాట్ గుర్తొచ్చింది. ఎండాకాలం, శ్రీశైలం ప్రయాణం. నాన్న ఫియట్ సరిగ్గా ఇలాగే ఆగిపోయింది. మన మెకానిక్కులు ఏసీ పంపు అంటారే, అది వేడెక్కి లోపల పెట్రోలు ఆవిరైపోయింది. పెట్రోలుని తోయగలదు కానీ ఆవిరిని తోయలేదు ఆ పంపు. నాన్న తడిగుడ్డ చుట్టి, చెట్టు నీడన కూర్చోబెట్టి మాకు పొడుపుకథలు చెప్పాడు. బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు దశాబ్దాలపాటు చేసి, తర్వాత పద్మిని అని పేరు పెట్టిన కారు ఈ 1100 డి వంశమే. ఇక్కడ ఎండ లేదు, చలి. అయినా ఎత్తు పెరిగేకొద్దీ ద్రవాలు తక్కువ వేడికే మరుగుతాయి, నీళ్లయితే ఈ ఎత్తున 92 డిగ్రీల దగ్గరే. పల్చటి గాలిలో ఇంజను సత్తువ నాలుగో వంతు దాకా పడిపోతుంది. మొదటి గేరులో ఏడ్చుకుంటూ ఎక్కాక పంపు వేడెక్కకుండా ఎలా ఉంటుంది?

వాళ్లకి ఇంగ్లీషు రాదు, నాకు ఇటాలియన్ రాదు. పంపు చూపించి, నా గుండె మీద చెయ్యి వేసి "పాపా, ఫియట్" అన్నాను. ఆయన ముఖం విప్పారింది. డ్రైవింగ్ సీట్లో కూర్చోమన్నాడు. స్టీరింగ్ కింద గేరు కడ్డీ కోసం నా ఎడమ చెయ్యి దానంతటదే లేచింది. వాళ్లది ఎడమవైపు స్టీరింగ్, కడ్డీ కుడివైపు ఉంది.

ఇరవై నిమిషాలకి, నాలుగో ప్రయత్నంలో ఇంజను అందుకుంది. ఆవిడ నా నోట్‌బుక్కులో చిరునామా రాసి, కెమెరా వైపు వేలు చూపించింది.

ఇంటికొచ్చాక రెండు ప్రింట్లు వేయించి పంపాను. మంచు గోడ పక్కన కారు ఒకటి. పంపు మీద ఆయన చేతులు, వేళ్ల సందుల్లోంచి కారుతున్న నీళ్లు, తడిసిన నీలం స్కార్ఫ్ ఇంకొకటి. ఈ రెండోది ఇంకో ప్రింటు తీయించి అమ్మకిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆ గుడ్డ ఎవరిది?"

"ఆవిడదే అమ్మా. మెళ్లోది తీసింది."

"ఆరోజు మీ నాన్న చుట్టింది నా చీర కొంగు ముక్క. అడిగితే నేనే చింపి ఇచ్చాను" అంది.

ఆ సంగతి నాకిన్నాళ్లూ తెలీదు.