పలకంత బొమ్మ ముందు

నవంబరులో వియన్నాలో మా అక్క దగ్గర నాలుగు రోజులున్నాను. "రాజభవనాలు తర్వాత చూద్దాం అక్కా, ముందు షీలె బొమ్మ దగ్గరికి తీసుకెళ్ళు" అన్నాను. మ్యూజియమ్స్‌క్వార్టియర్ అనే మ్యూజియంల ఆవరణలో తెల్లరాతి పెట్టెలా ఉంటుంది లియోపోల్డ్ మ్యూజియం.

ఆస్ట్రియా చిత్రకారుడు ఎగోన్ షీలె 1912లో చెక్క మీద వేసుకున్న తన సొంత చిత్రం అది. పోస్టర్లలో చూసి చూసి గోడంత ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే 32 సెంటీమీటర్ల ఎత్తు, 40 సెంటీమీటర్ల వెడల్పు. చిన్నప్పటి పలకకన్నా కాస్త పెద్దది, అంతే.

తెల్లటి నేపథ్యం, నల్లకోటు. తల కొంచెం తిప్పి, కంటి కొసల నుంచి మనల్ని చూస్తున్నాడు. జుట్టు పైభాగం అంచు దగ్గర తెగిపోయింది, ఆ కాస్త చెక్కలో అతనికి చోటు చాలనట్టు. దగ్గరికి వెళ్తే ముఖం మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు విడివిడిగా కనిపించాయి, కమిలిన చర్మంలా. రెండడుగులు వెనక్కి వేస్తే అవే కలిసిపోయి, చర్మం కింద ఏదో కొట్టుకుంటున్నట్టు అనిపించింది. చూపులో ధీమా ఉంది, పెదవుల దగ్గర బెదురు ఉంది. ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో అతను 24 రోజులు జైల్లో ఉన్నాడు.

భుజం వెనక సన్నని కాడకి ఎర్రటి లాంతర్లలాంటి కాయలు. చూడగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఒరేయ్, ఇవి మన బుసరకాయల్లా లేవూ!" నిజమే, బొమ్మలోది చైనీస్ లాంతరు మొక్క, అదీ ఆ కుటుంబానిదే. చేలగట్ల మీద కోసుకుని, ఆ బుడగని నుదుటికేసి కొట్టుకుంటే టప్‌మని పేలేది. ఎండితే ఆ తొడుగు ఈనెల వలలా మిగిలి, లోపలి పండు కనబడుతుంది. బొమ్మలోని ఆ కాయలు బతుకుకీ చావుకీ గుర్తులని చాలామంది అంటారు. నాకు మాత్రం ఆ తొడుగు ఎంత పల్చనో వేళ్ళకి గుర్తొచ్చింది. ఆ కాడ వంపు చూసి అతని మెడ చూస్తే, రెండూ ఒకే చేతి వణుకులా ఉన్నాయి.

దగ్గర్లోనే వాలీ నోయ్‌జిల్ చిత్రం. అదే ఏడాదిది, దాదాపు అదే కొలత. పెద్ద నీలి కళ్ళు, రాగిరంగు జుట్టు. అతను జైల్లో ఉన్నప్పుడు అండగా నిలిచిన అమ్మాయి. ఆ బొమ్మని 1939లో లీయా బోందీ అనే యూదు మహిళ దగ్గర్నుంచి నాజీ వ్యాపారి లాక్కున్నాడు. న్యూయార్క్‌లో ప్రదర్శనకి వెళ్ళినప్పుడు 1998లో కేసులో చిక్కుకుంది. 2010లో ఆమె వారసులకి 1.9 కోట్ల డాలర్లు చెల్లించాకే తిరిగి వియన్నా చేరింది. ఆ కళ్ళ ముందు నిలబడి ఇదంతా తలుచుకుంటే గొంతు పట్టేసింది.

వాలీ 1917లో నర్సుగా పనిచేస్తూ స్కార్లెట్ జ్వరంతో పోయింది. మరుసటేడు ఫ్లూ వచ్చి, గర్భవతి అయిన భార్య పోయిన మూడు రోజులకే షీలె కూడా పోయాడు, 28 ఏళ్ళకి. ఆ చావులన్నీ ఈ బొమ్మలో ముందే ఉన్నాయంటే నేను ఒప్పుకోను. ఇందులో ఉన్నవాడు నిండా బతికున్నాడు.

మూసే వేళయిందని గార్డు చెప్పేదాకా అక్కడే ఉన్నాం. బయటికొచ్చాక అక్క పిడికిలితో నా నుదుటి మీద మెల్లగా తాకించి "టప్" అంది.