వార్డులో వాంతుల లెక్క

మా చిన్నమ్మకి ఆపరేషనయితే నెల్లూరులో ఒక ఆస్పత్రిలో వారం రోజులు తోడున్నా. మూడో రోజు పక్క బెడ్డాయనకి ఒకటే వాంతులు, రాత్రి తిన్న చేపల పులుసు పడలేదులే అనుకున్నాం (మా ఊళ్ళో ఏం జరిగినా ముద్దాయి చేపల పులుసే), మర్నాటికి ఎదురు బెడ్లో ఇద్దరికి, ఊడ్చే అక్కకి కూడా మొదలయింది.

అప్పుడొచ్చింది పెద్ద సిస్టరు నోట్‌బుక్కు తీసుకోని. ఏ బెడ్డు, మొదటి వాంతి ఎన్నింటికి, ఎవరెవరు చూడ్డానికొచ్చారు, అన్నీ రాసుకుంది. ఇదేందమ్మా అనడిగితే, ఒకే వార్డులో ఇట్ట వరసగా వస్తే నోరోవైరస్సేమో చూడాలయ్యా, లోపలికి పోయినాక 12 నుంచి 48 గంటల్లో బయటపడుద్ది, అందుకే టైములు రాస్తున్నా అంది. 1968లో అమెరికాలో నార్వాక్ అనే ఊరి బళ్ళో పిల్లకాయలకి వచ్చిందంట, ఆ పేరే దీనికి.

ఇంగ్లండులో అయితే చలికాలంలో దీనివల్ల ఎన్ని బెడ్లు నిండాయో వారం వారం లెక్క బయటపెడతారు. మన దగ్గర ఆ నోట్‌బుక్కు ఆమె సొంత ఓపిక, ఇంతకుముందు ఎవరూ రాయలేదంట.

నాకు కోపమొచ్చిందేందంటే బెడ్డు బెడ్డుకీ శానిటైజర్ బాటిల్ తగిలించారు గానీ బాత్‌రూములో సబ్బు లేదు, ఈ వైరస్ శానిటైజర్‌కి సరిగ్గా చావదు, సబ్బూ నీళ్ళతో రుద్ది కడగాల్సిందే, నేలకి బ్లీచింగు. సాయంత్రం నేనే పోయి నాలుగు సబ్బులు కొనుక్కొచ్చి పెట్టా, పొద్దున్నకి రెండు మాయం.